తేనెటీగలకి ముందే తెలుసు

శవం దొరికింది ఆరూ యాభైకి. ఏడుంబావుకల్లా హంతకురాలు కూడా దొరికిపోయింది. ఇన్‌స్పెక్టర్ క్రేవెన్ గారి చేతిలో కేసు పడితే అంతే, పాతిక నిమిషాలు చాలు. బీదదాని మెడ కనపడాలి గానీ ఉరి బిగించడానికి ఎంతసేపు?

సార్జంటు ఏమస్ వింటిల్ గడియారం చూసుకున్నాడు. ఏడూ ఇరవై.

అతను నిలబడింది పర్నెల్ వాళ్ళ పూటకూళ్ళ ఇంట్లో. నాలుగు వందల ఏళ్ళ పొగ తాగి నల్లబడిన దూలాలు నెత్తికి తగిలేటట్టున్నాయి. కిటికీ బయట పొగమంచు తప్ప ఇంకేమీ లేదు. పదడుగుల దూరంలో సెవర్న్ నది పారుతోందని చప్పుడు విని నమ్మాలి.

అందరూ కూచుని తాగే పొడుగుబల్ల మీద ఆ ఇంటి యజమాని ఒబడయా పర్నెల్‌ని పడుకోబెట్టారు. యాభై ఆరేళ్ళ మనిషి. ముక్కుల్లో బురద, నోట్లో బురద, కుడి కణత మీద గుడ్డంత వాపు. మైలు దూరంలో, ఏటి మలుపు దగ్గర, సాల్మన్ చేపలు పట్టే రూబెన్ అనే ముసలాయన చూసి, తన పడవలో వేసుకుని తెచ్చాడు.

ఈ ఒబడయాయే వారం కిందట వింటిల్‌కి ఉత్తరం రాశాడు. "నన్ను బతకనిచ్చేలా లేరు. మామూలు బాటసారిలాగా వచ్చి మా ఇంట్లో దిగండి. మిగతాది నోటితో చెబుతాను." వింటిల్ నిన్న సాయంత్రం వచ్చి దిగాడు. యజమాని ఏడని అడిగితే, "మలుగు చేపల కోసం నీళ్ళలో వేసిన బుట్టలు ఎత్తడానికి రేవుకి పోయాడు, పొద్దున్నే కనబడతాడు లెండి" అన్నారు.

పొద్దున్నే కనబడ్డాడు.

"ఏమిటయ్యా అట్లా నిలబడ్డావు? కేసు అయిపోయింది. గుడ్డు తింటావా?" అన్నాడు క్రేవెన్ పక్కబల్ల దగ్గర్నుంచి. సెలవు మీద చేపలు పట్టుకోవడానికి వచ్చి మూడు రోజులుగా ఇక్కడే ఉంటున్నాడు ఈ దొర. శవానికి నాలుగు గజాల దూరంలో కూచుని వేయించిన గుడ్లు తింటున్నాడు.

పొయ్యి పక్కన పీట మీద డోర్కస్ కూచుని ఉంది. రెండు చేతులకీ కలిపి బేడీ. ఆ ఇంటి పనిమనిషి. ఇరవై ఆరేళ్ళు. బ్రిస్టల్ అనాథల ఇంట్లో పెరిగి, నాలుగేళ్ళ కిందట ఇక్కడికి వచ్చింది. వింటిల్ ఆమె ఎదురుగా గొంతుక్కూచున్నాడు.

"ఆయన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశావమ్మా?"

"ఏడున్నరకి బాబూ. వంటింటి గుమ్మంలో. చేతిలో లాంతరుంది."

"పోట్లాడావట?"

"పోట్లాడాను. ఈ మంచులో రేవుకి వద్దు, పోటొచ్చే వేళ అన్నాను. నా మాట వింటేనా! అయితే పొండి, పోయి ఏట్లో పడి చావండి అన్నాను." ఆమె బేడీల చేతులతోనే నోరు మూసుకుంది. "అన్నాను బాబూ. అబద్ధమెందుకూ. ఆ మాటే అన్నాను."

"యజమానితో అంత చనువా?"

"వచ్చే ఆదివారం చర్చిలో మా పెళ్ళి చాటింపు వేస్తారు. వేసేవారు."

క్రేవెన్ మూతి తుడుచుకున్నాడు. "విన్నావా? ఆ ముసలాడికి మనసు మారింది. పెళ్ళి లేదు పొమ్మన్నాడు. ఇది ఏటి మలుపు దాకా వెంటబడి పోయి, నెత్తిన కొట్టి తోసేసింది. పోట్లాట విన్న సాక్షి కూడా ఉన్నాడు, వాడి సొంత తమ్ముడు జెత్రో. కారుకి కబురు పెట్టాను. ఎనిమిదింటికి వస్తుంది."

"ఏటి మలుపు దగ్గర కాదండీ చచ్చింది. ఇక్కడ, ఈ రేవులోనే."

"శవం దొరికింది ఎగువన. నది పారేది దిగువకి. మీ బడిలో చెప్పలేదా?"

"నేను ఏ బడికీ పోలేదు. పడవ మీద పుట్టాను. ఈ ఏరు రోజుకి రెండుసార్లు వెనక్కి తిరుగుతుందండీ. సముద్రం పోటెత్తితే నిలువెత్తు కెరటం ఒకటి ఎదురు నడిచి వస్తుంది. ఎదురుపోటు అంటాం. నిన్న సాయంత్రం ఎనిమిదీ పదికి వచ్చింది. నేను అవతలి ఒడ్డున పడవ కోసం నిలబడి కళ్ళారా చూశాను. ఇక్కడ పడ్డవాణ్ణి అది ఎగువకి మోసుకుపోయింది. అంటే ఎనిమిదీ పదికి ముందే పడ్డాడు. ఆ తర్వాత ఎనిమిదీ పాతిక్కి జెత్రో పడవేసుకుని వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. అతని చొక్కా చేతులు భుజాల దాకా తడిసి ఉన్నాయి. తెడ్డు జారిందన్నాడు."

"నీళ్ళ మీద బతికేవాడి చేతులు తడవకపోతే అప్పుడు అనుమానించు," అన్నాడు క్రేవెన్. "ఏరు వెనక్కి తిరుగుతుందని కోర్టులో చెప్పకు, నవ్విపోతారు."

చదువుకున్న మొద్దుతో వాదించడం కంటే గోడకి తల బాదుకోవడం మేలు. గోడ కనీసం నవ్వదు.

వింటిల్ బుర్రని వేరే సంగతి తొలుస్తోంది. నిన్న తొమ్మిదింటికి మేడ మీద గదిలో బూట్లు విప్పుకుంటుంటే పెరట్లోంచి చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. తర్వాత ఎవరో గొణుగుతున్నట్టు. మళ్ళీ టక్, టక్, టక్. మళ్ళీ గొణుగుడు. అట్లా ఐదుసార్లు. గాలికి కొమ్మ కొట్టుకుంటోందనుకున్నాడు. పొగమంచు దిగిన సాయంత్రం గాలెక్కడిది?

పెరటి తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

ఆపిల్ చెట్ల కింద ఐదు తేనెటీగల పెట్టెలు వరసగా ఉన్నాయి. మంచులో ఐదుగురు మనుషులు ముసుగు కప్పుకుని కూచున్నట్టే ఉన్నాయి. ముసుగులు నిజంగానే ఉన్నాయి. ప్రతి పెట్టె నెత్తి మీదా నల్లగుడ్డ, నాలుగు మూలలా ముడి.

వింటిల్‌కి ఒళ్ళు గగుర్పొడిచింది. కొత్త విషయమై కాదు, తెలిసిన విషయమై. వాళ్ళమ్మ ఊళ్ళోనూ ఇదే ఆనవాయితీ. ఇంటి యజమాని పోతే ముందు ఈగలకి చెప్పాలి. ఇంటి తాళంచెవితో మూడుసార్లు తట్టి, మీ యజమాని పోయాడు, ఇక ఫలానావాడు మీ యజమాని అని పేరు చెప్పాలి. నల్లగుడ్డ కప్పాలి. చెప్పకపోతే ఈగలు అలిగి పోతాయి, ఇంట్లో ఏడాది తిరక్కుండా ఇంకో పీనుగ లేస్తుంది. ఈగలతో అబద్ధం ఆడితే మటుకు ఏమవుతుందో ఎవరూ చెప్పరు. ఎవరూ ఆడలేదు గనక.

చెవి ఆనించాడు. లోపల సన్నటి రొద. చలికి ముడుచుకుని పడుకోవలసిన ఈగలు పడుకోలేదు.

"నేనే కట్టాను," అంది వెనకనుంచి ఒక గొంతు.

జెత్రో పర్నెల్. చచ్చినవాడి తమ్ముడు. పడవ నడిపేవాడు, ఎద్దు మెడ మనిషి. చెట్టు మొదట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడు కట్టావు?"

"ఇందాక. అన్నయ్యని తెచ్చాక. ఏడింటికి అనుకో. అది మా ఇంటి మర్యాద. పోలీసులకి ఇందులో ఏం పని?"

"ఏం లేదు. చూస్తున్నాను." వింటిల్ గుడ్డ మీద వేలుతో గీశాడు. పంచదార చల్లినట్టు మంచు పొడి పేరుకుని ఉంది. పక్కనున్న గడ్డి మీదా అదే, చెక్క కాళ్ళ మీదా అదే. ముడి విప్పి గుడ్డ పైకెత్తాడు. కింద చెక్క పొడిగా ఉంది. ఎండాకాలం గుమ్మంలా పొడిగా ఉంది.

"జెత్రో, ఈ మంచు ఎప్పుడు కురిసింది?"

జెత్రో కట్టుకున్న చేతులు విప్పాడు.

"తెల్లవారుజామున నాలుగింటికి కిటికీ వెయ్యడానికి లేచాను, అప్పటికే గడ్డి తెల్లబడింది. నువ్వు ఏడింటికి గుడ్డ కడితే మంచు గుడ్డ కింద ఉండాలి. కింద చెక్క పొడిగా ఉందే. పైనే ఉందేం?"

జెత్రో కళ్ళు ఒక్కసారి మేడ మీది కిటికీ వైపు పోయి వచ్చాయి. ఒక్కసారే. "నీకు పనీపాటా లేదు సార్జంటూ," అని వెళ్ళిపోయాడు.

ఇంతలో క్రేవెన్ వచ్చాడు, చేతిలో టీ కప్పుతో. వింటిల్ జరిగింది చెప్పాడు. చెప్పి నాలుక కరుచుకున్నాడు.

"అబ్బ, భలేవాడివయ్యా!" క్రేవెన్ మొహం వెలిగిపోయింది. "శవం దొరక్కముందే, రాత్రే, ఎవరో సంతాపం గుడ్డలు కట్టారు. ముందే చావు సంగతి తెలిసింది ఎవరికి? చంపినదానికి! ఇంట్లో గుడ్డలన్నీ ఎవరి చేతిలో ఉంటాయి? పనిమనిషి చేతిలో! ఉరికి ఇది చాలు. తేనెటీగలు కోర్టులో సాక్ష్యం చెప్పడం ఇదే మొదలేమో."

"అనాథల ఇంట్లో పెరిగిన పిల్లకి ఈ ఆనవాయితీ ఏం తెలుసండీ? పైగా ఇది ఇంటి మనుషులే చెయ్యాలి. ఇదుగో, చెక్క మీద మూడు సొట్టలు, తుప్పు రాలింది. ఇనప తాళంచెవి దెబ్బ. ఆ తాళంచెవి..."

"సార్జంటూ!" క్రేవెన్ గొంతు చల్లబడింది. "నిన్ను రక్షించమని ఒకడు పిలిస్తే వచ్చి, గుర్రుపెట్టి నిద్రపోయావు. వాడు చచ్చాడు. ఈ సంగతి పైవాళ్ళకి రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నువ్వింక నోరు మూసుకుంటే తేలికగా ఉంటుంది."

ఆ దెబ్బ తగలవలసినచోటే తగిలింది. వింటిల్ ఒక్క క్షణం నేల చూశాడు. తర్వాత జెత్రో చూసిన కిటికీ గుర్తొచ్చి, తిన్నగా మేడమెట్ల వైపు నడిచాడు. అతని చేతిలోంచే ఇప్పుడు డోర్కస్ మెడకి ఇంకో పురి పడింది. దాన్ని విప్పాల్సింది అతనే.

ఎనిమిదీ ఐదు. కారు ఇంకా రాలేదు.

కెజయా పర్నెల్ కిటికీ పక్కన కూచుని ఉంది. ఒబడయాకీ జెత్రోకీ తల్లి. ఎనభై నాలుగేళ్ళు. పదేళ్ళ కిందట రెండు కళ్ళూ పోయాయి. నడుముకి జానెడు ఇనప తాళంచెవి వేలాడుతోంది. ఈ ఇంటికి కోడలై వచ్చిన నాటినుంచీ అది అక్కడే ఉంది.

"రా నాయనా. బూట్ల చప్పుడు కొత్తగా ఉంది. పోలీసువా?"

"అవును మామ్మా. నిన్న తొమ్మిదింటికి ఈగలకి చెప్పింది నువ్వే కదూ?"

ముసలామె వేళ్ళు తాళంచెవి మీద ఆగాయి. "పొద్దున చెప్పించాను. జెత్రో చేత."

"జెత్రో ముందే వచ్చి నేర్పాడన్నమాట. మామ్మా, పనిపిల్లని ఉరి తీస్తారు."

"పాపం." అంతే. వాన పడుతోందిట అన్నట్టు అంది.

"ఆ పిల్ల నీకు నాలుగేళ్ళు అన్నం పెట్టింది. స్నానం చేయించింది."

"చేయించింది. మంచిపిల్లే. అయితే ఏం చెయ్యమంటావు? ఒక పనిపిల్ల పోతే ఇంకో పనిపిల్ల వస్తుంది. నాకు మిగిలింది ఒక్కడు నాయనా. వాడూ పోతే ఈ ఇంటి గుమ్మం మీద పర్నెల్ అనే పేరు ఉండదు. నాలుగు వందల ఏళ్ళు!"

ఇదీ సంగతి. గుమ్మం మీది పేరు చెరిగిపోకుండా ఉండటానికి ఒక ఆడపిల్లని గుమ్మానికి వేలాడదీస్తారు. పైగా పాపం అంటారు. వింటిల్‌కి అరవాలనిపించింది. అరవలేదు. అరిస్తే ఈవిడ నోరు శాశ్వతంగా మూసుకుపోతుంది.

"సరే మామ్మా. నాతో ఒక్కసారి పెరట్లోకి రా. నాకు చెప్పొద్దు. పోలీసులకి చెప్పొద్దు. ఈగలకి ఒక్కమాట చెప్పు చాలు. 'మీ యజమానిని చంపింది డోర్కస్' అని. నువ్వు ఆ మాట చెబితే నేను నోరెత్తకుండా పోతాను."

కింద ఎవరో తలుపు తీసి వేసిన చప్పుడు. తర్వాత ఆమె కర్ర కోసం చెయ్యి చాపింది. "నేను చెప్పలేననుకున్నావా?"

అడుగు తడబడకుండా నడిచింది. ఆ మంచులో ఆమెకీ వింటిల్‌కీ ఒకటే చూపు. పెట్టె దగ్గర ఆగి, తాళంచెవి తీసి, మూడుసార్లు తట్టింది. టక్, టక్, టక్.

లోపలి రొద టక్కున ఆగిపోయింది.

గాలి లేదు. ఆకు కదలదు. ఐదు పెట్టెలూ మాట కోసం చెవులు రిక్కించినట్టు ఉన్నాయి.

"మీ యజమానిని..." అంది ముసలామె. ఆగింది. పెదాలు తడుపుకుంది. "మీ యజమానిని చంపింది..."

తాళంచెవి చెక్క మీద గడగడా కొట్టుకుంది.

"చెప్పు మామ్మా. ఒక్క పేరు."

"ఇద్దరి అడుగులు వెళ్ళాయి," అంది ఆమె. వింటిల్‌తో కాదు. పెట్టెతో. "నా కిటికీ కిందనుంచే, రేవుకి. పెద్దాడు కుంటుతాడు, మీకు తెలుసుగా. చిన్నాడు మడమలు బరువుగా వేస్తాడు. ఆ పిల్లని చేసుకుంటే ఇల్లు దాని పిల్లలకి పోతుందిరా అని చిన్నాడు అరిచాడు. పోనీ అన్నాడు పెద్దాడు. తర్వాత చెక్క మీద చెక్క పడ్డట్టు ఒక దెబ్బ. నీళ్ళ చప్పుడు. ఎనిమిదికి ఐదు నిమిషాలుందేమో. తర్వాత ఒకరి అడుగులే వెనక్కొచ్చాయి. మడమల అడుగులు. నేను కిటికీ వేసుకున్నాను. కన్నకొడుకులు ఇద్దరూ నా బిడ్డలే, నేనేం చెయ్యను? మీకు మటుకు చెప్పకుండా ఉండలేకపోయాను."

పెట్టెలో రొద మళ్ళీ మొదలైంది. మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, ఐదింట్లోనూ.

వింటిల్ ఆమె భుజం పట్టుకున్నాడు. "ఇదే మాట క్రేవెన్ దొరకి చెబుతావా? కారు ఎక్కించేలోపల చెప్పాలి. పద."

"ఏ కారు?" అంది ముసలామె. "కారు రాలేదు. మంచులో దారి తప్పిందని కబురొచ్చింది. నువ్వు మెట్లెక్కి వస్తున్నప్పుడే, మీ దొర నా కిటికీ కింద జెత్రోని అడిగాడు, అవతలి ఒడ్డున రైలు దొరుకుతుందా అని. తొమ్మిదీ పదికి ఉంది, నేను దాటిస్తాను అన్నాడు వీడు. పోటు పోయాక కదా దాటిస్తాడు అని నేను..."

ఆమె తల పక్కకి తిప్పింది. గుడ్డికళ్ళు రేవు వైపు తెరుచుకున్నాయి.

"తెడ్లు," అంది. "నాయనా, అవి మా తెడ్లే. పడవ ఏట్లోకి వదిలేశాడు."

వింటిల్ గడియారం చూశాడు. ఎనిమిదీ ఇరవై ఆరు. నిన్నటి పోటు ఎనిమిదీ పది. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాలు, కలుపు. ఎనిమిదీ ముప్ఫై ఐదు.

నిన్న ఇదే జెత్రో, ఇదే పడవలో అతనితో అన్న మాట చెవిలో మోగింది: "పోటుకి అరగంట ముందు ఏ కొడుకూ ఏట్లో దిగడు దొరా. దిగితే నడిమధ్యకి పోయి ముక్కు కెరటానికి ఎదురుపెట్టాలి. అది తెలిసినవాడు బతుకుతాడు. తెడ్లు ఆగి పడవ అడ్డం తిరిగిందా, అందులో ఉన్నవాళ్ళని సముద్రం దాకా వెతుక్కోవాలి." ఏ కెరటం ఎటు విసురుతుందో, ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో జెత్రోకి తెలుసు. క్రేవెన్‌కి నది దిగువకి పారుతుందని మాత్రమే తెలుసు. చచ్చిపోయిన ముద్దాయి మీద విచారణ ఉండదు. కేసు ఏట్లో కలిసిపోతుంది.

పరిగెత్తాడు. లోపల పీట ఖాళీ. పొయ్యి దగ్గర వంటమనిషి కళ్ళొత్తుకుంటోంది.

"ఎవరెవరు వెళ్ళారు?"

"దొరగారూ, అదీ. పారిపోకుండా దాని చేతికీ ఆయన చేతికీ కలిపి ఒకటే బేడీ వేసుకున్నారు బాబూ."

ఒకటే బేడీ. ఒకరు మునిగితే ఇద్దరూ మునుగుతారు.

రేవు మెట్లమీద నాచు. రెండుసార్లు జారాడు. కింద నీళ్ళు చచ్చినట్టు పడి ఉన్నాయి. ఏటికి ఇంత మౌనం ఎప్పుడు వస్తుందో పడవ మీద పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. దిగువనుంచి కొంగలు తలమీదుగా ఎగువకి ఎగిరిపోయాయి, ఒక్కటీ అరవకుండా.

"క్రేవెన్!" నోటికి చేతులడ్డం పెట్టి అరిచాడు. "వెనక్కి రండి! ఒడ్డుకి రండి!"

మంచు ఆ కేకని మింగేసింది. బదులుగా తెడ్ల చప్పుడే వస్తోంది, తొందర లేకుండా. నడిమధ్యకి చేరుతోంది.

రూబెన్ పడవ మేకుకి కట్టి ఉంది. చలికి బిగిసిన ముడి వేళ్ళకి లొంగలేదు. కత్తి తీసి తాడు కోశాడు. పడవలోకి దూకి తెడ్డుతో మెట్టుని ఒక్క తోపు తోశాడు. ఒడ్డు మాయమైంది. ముందు తెలుపు, వెనక తెలుపు. చెవులే దిక్కు. ఎడమవైపు, ఎక్కడో చాలా దిగువన, రైలు వంతెన ఎక్కినట్టు సన్నటి ఉరుము మొదలైంది.

"డోర్కస్!" అని అరిచాడు ఈసారి. "పడవ అంచు పట్టుకో! జెత్రోని నమ్మొద్దు!"

ఎదురుగా తెడ్ల చప్పుడు ఆగిపోయింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మంచులోంచి క్రేవెన్ గొంతు వినిపించింది, విసుగ్గా, ఇంకా ఏమీ తెలియని గొంతు.

"ఏమయ్యా, తెడ్లు లోపలికి లాగేశావేం?"